రష్యావాడు కట్టిన గోడ

ఆయన పోయాడు. ఆయన గురించి రెండు మంచి మాటలు రాసిమ్మని మా గుడి ఫాదర్ గారు నన్నడిగారు. సంస్మరణ పూజనాడు పంచే కరపత్రంలో ఒక పేజీ హిందీ, ఒక పేజీ తెలుగు ఉండాలట. భిలాయి క్యాథలిక్కుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు కానీ రాసేవాళ్లు కరువయ్యారు. మా పిల్లలకి తమ పేరు రాసుకోవడం కూడా హిందీలోనే వచ్చు. అందుకని రిటైరైన టీచరునైన నా నెత్తిన పడింది ఆ పని.

కూర్చుని ఆలోచించాను. ఒక మంచి మాట వెంటనే దొరికింది. ఆయన గొంతు బాగుండేది. రెండోది ఎంతకీ దొరకలేదు. చివరికి ఎవరు పోయినా రాసే నాలుగు వాక్యాలు రాసిచ్చి చేతులు దులుపుకున్నాను. ఇక్కడ రాస్తున్నది దానికోసం కాదు. ఇది నా కడుపుమంట, నాకోసం రాసుకుంటున్నాను.

గుడి ముందు రోడ్డు మీద ఆయన ఫ్లెక్సీ కట్టారు. బూడిదరంగు సఫారీ సూటు, జేబులో రెండు పెన్నులు, నల్లరంగు దట్టంగా పట్టించిన జుట్టు. కింద హిందీలో, మా చర్చి చరిత్రకారులు, అని రాశారు. అది చదివి రోడ్డు మీదే నవ్వొచ్చింది. గుడి కట్టేనాటికి ఆయన విజయవాడ అవతల ఎక్కడో నిక్కర్లేసుకుని తిరుగుతుండాలి. స్టీలు ప్లాంటు ఆఫీసులో ఉద్యోగం దొరికి ఆయన ఇక్కడికి వచ్చేసరికి నేను హైస్కూల్లో చదువుతున్నాను, గుడి కప్పు ఒకసారి తుప్పు పట్టి మార్చడం కూడా అయిపోయింది.

ఆయన్ని కళ్లతో కంటే ముందు చెవులతో గుర్తుపట్టేవాళ్లం. మా తెలుగువాళ్లం గుడి బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్తాం. మలయాళీలు, గోవావాళ్లు బూట్లతోనే వస్తారు. వాళ్ల అలవాటు వాళ్లది, ఎప్పుడూ తగాదా లేదు. ఈయన తెలుగువాడై ఉండి బూట్లతో వచ్చేవాడు. అదీ మామూలు బూట్లు కాదు, ప్లాంటులో ఇచ్చే సేఫ్టీ బూట్లు. జీవితమంతా ఫైళ్లు చూసిన మనిషి, ఆయన కాలి మీద ఏ ఇనుము పడుతుందని భయమో నాకు తెలియదు. ఫాదర్ గారు ప్రసంగం మొదలుపెట్టబోతూ గొంతు సవరించుకునే వేళకి కిర్రు కిర్రుమంటూ మధ్యదారిలో నడిచి వచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు. ప్రసంగం ఒక నిమిషం ఆగేది. ఆ నిమిషం కోసమే ఆయన ఇంటి దగ్గర ఆలస్యంగా బయల్దేరేవాడని నా నమ్మకం.

చేతిలో ఎప్పుడూ ఒక పొడుగాటి టార్చి ఉండేది. పట్టపగలు, కిటికీలన్నీ వెలుగుతో నిండి ఉన్నా, ఆ టార్చి వేసి కప్పుని మోసే ఇనప ట్రస్సులు చూపించేవాడు. "ఆ జాయింటు చూడండి. ఆ ఆర్కిటెక్చర్ చూడండి," అనేవాడు. ఆ మాట పలికేముందు చిన్న దగ్గు. తర్వాత ఒక స్తంభం దగ్గర ఆగి వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. "వింటున్నారా? రష్యన్ సౌండ్ అండి." వచ్చినవాళ్లు కూడా చెవులు ఆనించేవాళ్లు. అది ఇటుక స్తంభం. ఇటుక పక్కనున్న కుమ్హారి ఊరి బట్టీల నుంచి లారీలో వచ్చింది.

అక్టోబరులో ఇంటింటికీ జపమాల చెప్పుకోవడానికి వెళ్తాం. మా ఇంటి వంతు వచ్చినప్పుడు ఆయన తప్పకుండా వచ్చేవాడు. "టీలో చక్కెర వద్దండి, ఒంటికి పడదు," అని అందరికీ వినబడేలా చెప్పి, పక్కన పెట్టిన బెల్లం గవ్వల ప్లేటు ఖాళీ చేసేవాడు. మా అమ్మ మాట్లాడుతుంటే చిరునవ్వుతో వినేవాడు. మేము శ్రీకాకుళం వైపువాళ్లం, అమ్మ మాట ఇప్పటికీ అక్కడిదే. "మీ వైపు భాష వింటుంటే భలే సరదాగా ఉంటుంది మామ్మగారూ, ఇంకోసారి అనండి," అనేవాడు. పాపం అమ్మ ఇంకోసారి అనేది. ఆయన పక్కవాళ్ల వైపు తిరిగి కన్నుగీటేవాడు.

ఇంతకీ మా గుడి సంగతి చెప్పాలి. చూసినవాళ్లు మొదట అనే మాట, ఇదేమిటి గుడిలా లేదని. నిజమే, షెడ్డులా ఉంటుంది. ఎత్తైన శిఖరం లేదు, గంటగోపురం లేదు. పొడుగాటి హాలు, రెండు వైపులా ఇటుక స్తంభాలు, పైన ఇనప ట్రస్సులు, వాటి మీద వాలుగా రేకు. మొదట్లో పూజ ఒకరి క్వార్టరు వరండాలో జరిగేది. జనం రోడ్డు మీదకి వచ్చేశాక స్థలం అడిగి గుడి మొదలుపెట్టారు. మా నాన్నా ఆయన తోటివాళ్లూ పొద్దున షిఫ్టు దిగి, అన్నం తిని, మళ్లీ వచ్చి ట్రస్సులు వెల్డింగ్ చేశారు. వాళ్లకి కట్టడం వచ్చిందల్లా షెడ్డులే. దేవుడికీ అదే కట్టారు. గంట కొనేదాకా రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి సుత్తితో కొట్టేవాళ్లు. పక్కనున్న లూర్దుమాత గుహ కూడా రాతిది కాదు. ఇనుము కరిగించాక మిగిలే స్లాగ్ గడ్డలు, నల్లగా బుడగలు బుడగలుగా ఉండేవి, వాటిని పేర్చి కట్టారు. వాన పడితే అవి మెరుస్తాయి. అంత అందమైన గుహ నేను ఇంకెక్కడా చూడలేదు, వేళాంకణి వెళ్లొచ్చాక కూడా ఇదే మాట అంటాను.

అన్నిటికంటే చెప్పుకోదగ్గది పడమటి గోడ. కింద నుంచి కప్పుదాకా ఇటుకల మధ్య సందులు వదిలి కట్టిన చిల్లుల గోడ. కిటికీలు లేవు, తలుపు లేదు. మేలో బయట వడగాలి కొడుతుంటే ఆ గోడ పక్కన కూర్చున్నవాళ్లకి కాస్త ఊపిరాడే గాలి వస్తుంది. సాయంత్రం పూజవేళ ఎండ ఆ చిల్లుల్లోంచి పడి ఆడవాళ్ల ముసుగుల మీద చుక్కలు చుక్కలుగా ఉంటుంది.

ఆ గోడ మా అమ్మది. ఇది నా గొప్ప కాదు, అమ్మ గొప్ప. అమ్మకి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదని అనను. ఒకే ఒక్క గొప్ప ఉంది, దాన్ని మా చిన్నప్పుడు పప్పు రుబ్బుతూ, చేప తోముతూ, నా జడ అల్లుతూ చెప్పిందే చెప్పేది. అప్పటికి ఆమె కొత్త పెళ్లికూతురు. హిందీ ముక్క రాదు. సాయంత్రాలు మిగతా ఆడవాళ్లతో కలిసి గుడికి ఇటుకలు మోసేది. పడమటి వైపు గోడ మూసేస్తే లోపల జనం ఉడికిపోతారు, తెరిచి ఉంచితే ఆవులు లోపలికి వస్తాయి. అప్పటి గడ్డం ఫాదర్ గారూ మిస్త్రీ ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్నారట. అమ్మ తట్ట దించి, నాలుగు ఇటుకలు ఎడం ఎడంగా పెట్టి, వాటి సందుల మీదకి వచ్చేలా పై వరుస అడ్డంగా పెట్టి, మళ్లీ పైన నిలువుగా పెట్టి చూపించింది. వాళ్ల ఊళ్లో పిడకల గూడు అలాగే పేరుస్తారు. లోపలికి గాలి ఆడుతుంది, వాన జల్లు దిగదు. మిస్త్రీ ఉతై దగ్గర పల్లెవాడు. అతను చూసి, "ఛేనా కస్?" అని, అర్థం కాలేదేమోనని అరచేత్తో గోడకేసి చరిచి చూపించాడట. ఛత్తీస్‌గఢీలో ఛేనా అంటే పిడక, కస్ అంటే లాగా అని. వాళ్ల పల్లెలోనూ అలాగే పేరుస్తారు. అమ్మ అవునని తలూపింది. మర్నాటి నుంచి గోడ అలాగే లేచింది.

"నా సెయ్యి సూసి కట్టినాడే ఆ మేస్త్రి. మీ నాన్న ఎంత ఇనుము అంటించినా పైనున్నాది, ఎవులికి కనబడతాది? నా గోడ సూడు, గుళ్లోకి వొచ్చినోలందరికీ గాలొస్తాది," అనేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ గర్వం ఆమెకి చాలు. దానికి బోర్డు పెట్టమని ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు రష్యావాడి దగ్గరికి రావాలి. భిలాయిలో ఏది గట్టిగా నిలబడినా రష్యావాళ్లకి అంటగట్టడం మా అందరి అలవాటు. పాత నీళ్ల ట్యాంకు వాళ్లది, వంతెన వాళ్లది, మా వెనక క్వార్టరులో కాయని మామిడిచెట్టు కూడా రష్యావాడు నాటిందే. ప్లాంటు కట్టడానికి వాళ్లు వచ్చిన మాట నిజం. గుడులు కట్టడానికి రాలేదు. కానీ ఈయనకి అదేమీ అడ్డం రాలేదు, మా గుడిని గీసింది ఒక రష్యన్ ఇంజనీరని చెప్పేవాడు. "పైకి నాస్తికుడండి, లోపల పరమ భక్తుడు. పగలు ఫర్నేసు దగ్గర డ్యూటీ, సాయంత్రం రహస్యంగా మన గుడి డ్రాయింగు. వాళ్లవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది మరి," అని గొంతు తగ్గించేవాడు. ఆ ఇంజనీరు ఒకసారి ఇవాన్‌గారు, ఇంకోసారి నికొలాయ్‌గారు. పేరు మారింది కానీ గారు మాత్రం ఎప్పుడూ మారలేదు. ఇటుకలు మోసినవాళ్లకి, ట్రస్సులు అంటించినవాళ్లకి ఆ కథలో ఒక్క గారు కూడా రాలేదు. వాళ్లు "లోకల్ లేబర్."

ఎవరు దొరికినా వదిలేవాడు కాదు. ఒకసారి ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద ఉంటే, నిచ్చెన పట్టుకుని కింద నుంచి మొత్తం కథ చెప్పాడు. ఆ మనిషి దిగడానికి లేక, పై నుంచి "హాఁ సర్, హాఁ సర్," అంటూ వైర్లు తప్పు కలిపాడు. ఆ ఫ్యాను ఇప్పటికీ ఉల్టా తిరుగుతుంది.

పడమటి గోడకి ఆయన ప్రత్యేకమైన కథ ఒకటి పెట్టాడు. పవిత్ర శుక్రవారం మూడు గంటలకి సూర్యుడు ఆ చిల్లుల్లోంచి సరిగ్గా బలిపీఠం మీద శిలువ ఆకారం వేస్తాడట. ఇవాన్‌గారు లెక్క కట్టి మరీ చిల్లులు పెట్టారట. మొదటిసారి ఈ మాట ప్రకటించిన ఏడు అందరం మెడలు సాచి చూశాం. పీఠం మీద ఏమీ పడలేదు. "మేఘం అడ్డొచ్చిందండి," అన్నాడు. ఏప్రిల్లో భిలాయి ఆకాశంలో మేఘం. మరుసటి ఏడు బయట గుల్‌మొహర్ కొమ్మ అడ్డొచ్చిందని దాన్ని కొట్టించాడు. ఆ పై ఏడు ఇంకో కొమ్మ. చెట్టు సగమయ్యాక ఒక శుక్రవారం నిజంగానే పీఠం గుడ్డ మీద గుండ్రంగా ఒక వెలుగు వచ్చి వణికింది. శిలువ కాదు, గుండ్రం. జనం గుండెల మీద చేతులు వేసుకున్నారు. నేను తల తిప్పి చూశాను. గోడ అవతల ఆయన అల్లుడు టార్చి పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు.

ఇలాంటివాటికి నవ్వుకుని ఊరుకునేదాన్ని. నవ్వి ఊరుకోలేనిది జూబిలీనాడు జరిగింది.

గుడి జూబిలీకి పీఠాధిపతిగారు, అంటే బిషప్పుగారు, వచ్చారు. పూజయ్యాక మన చరిత్రకారుడు టార్చితో బయల్దేరాడు. వెనక పీఠాధిపతిగారు, ఫాదర్లు, సిస్టర్లు, తర్వాత మేమందరం. స్తంభం కొట్టాడు, చెవి ఆనించాడు, ట్రస్సులకి టార్చి వేశాడు. పడమటి గోడ దగ్గరికి వచ్చి ఇవాన్‌గారి ప్రతిభ మొదలుపెట్టాడు. అమ్మ ఆ రోజు కొత్త చీర కట్టుకుంది, ముసుగు వేసుకుని ఆడవాళ్ల ముందు నిలబడింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అంది:

"బాబూ, అది పిడకల గూడు బాబూ. నానే పేర్సి సూపించినాను. మేస్త్రి సూసి కట్టినాడు."

ఆయన ఆగాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు, నవ్వాడు. పీఠాధిపతిగారి వైపు తిరిగి, ఆ మంచి గొంతుతో హిందీలో, "మాతాజీ కహ్ రహీ హైఁ, యే గోబర్ కే కండే హైఁ," అన్నాడు. ఇవి పేడ పిడకలని మాతాజీ అంటున్నారని. ముందు సిస్టర్లు నవ్వారు, తర్వాత ఫాదర్లు, తర్వాత అందరూ. పీఠాధిపతిగారు కూడా, పాపం మర్యాదస్తుడు, ఏం చెయ్యాలో తెలియక నవ్వారు. ఆయన అమ్మ భుజం తట్టి తెలుగులో అందరికీ వినబడేలా, "ఇంకా పిడకలెందుకు మామ్మగారూ, గ్యాసు వచ్చింది కదండీ," అన్నాడు. తెలుగువాళ్లు కూడా నవ్వారు. మావాళ్లు. పిడకల మీద అన్నం ఉడికించుకుని తిన్నవాళ్ల పిల్లలు.

అమ్మ కూడా నవ్వింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తానేదో చిలిపి మాట అన్నట్టు నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ మనిషిని నేను జన్మలో క్షమించనిది రష్యావాడి కోసం కాదు, ఆ నవ్వు కోసం.

ఆ తర్వాత అమ్మ ఆ కథ చెప్పలేదు. వంటింట్లో కూడా చెప్పలేదు. మా మనవలు అడిగినా, "ఏటో, ఎప్పుడో సంగతులు, నాకు గురుతు లేదు," అనేసేది. ఆమెకున్నది ఒకే ఒక్క గొప్ప, దాన్ని కూడా ఆయన నవ్వుతూ ఎత్తుకుపోయాడు.

నెల తిరగకుండా పడమటి గోడ పక్కన నల్ల గ్రానైటు పలక వెలిసింది. మహనీయుడైన అజ్ఞాత రష్యన్ ఇంజనీరు రూపకల్పన, కింద పరిరక్షకులు అని ఆయన పేరు. రష్యావాడి కంటే ఆయన అక్షరాలు పెద్దవి. నేను స్కూలు నుంచి నేరుగా నెహ్రూ నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన లుంగీలో ఉన్నాడు, బూట్లు మాత్రం గుమ్మంలోనే సిద్ధంగా ఉన్నాయి.

"సార్, ఆ పలక తీయించండి. అది అబద్ధమని మీకు తెలుసు," అన్నాను.

"కూర్చోండి టీచర్‌గారూ. టీ తాగుతారా?"

"టీ కోసం రాలేదు. ఆ గోడ ఎవరిదో మీకు మా అమ్మ చెప్పింది. గుడి నిండా జనం ముందు చెప్పింది."

ఆయనకి ఏ మాత్రం సిగ్గు లేదు. సోఫాలో వెనక్కి వాలి నన్ను జాలిగా చూశాడు. "చెప్పారండి. చెప్పలేదని నేనన్నానా? కానీ చరిత్రంటే ఆషామాషీ కాదండి. మీరు చదువుకున్నవారు, ఆలోచించండి. పిడకల గుడి అంటే ఎవరు చూస్తారు? మన పిల్లలే ముక్కు మూసుకుంటారు. రష్యన్ గుడి అంటే రాయ్‌పూర్ నుంచి కార్లేసుకుని వస్తారు. మీ అమ్మగారి గోడ గొప్పదని నేనూ అంటున్నాను. అది గొప్పదనడానికి ఒక మనిషి కావాలి కదండీ. మామ్మగారు సరిపోరు."

ఆ మాట విన్నాక లేచి వచ్చేశాను. అలాంటి మనిషికి జవాబు చెప్పడమంటే నన్ను నేను తక్కువ చేసుకోవడమని.

అయితే ఒక సంగతి దాచను, దాస్తే నేనూ ఆయనలాంటి చరిత్రకారిణినే అవుతాను. ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక కొత్త ఫాదర్ గారు వచ్చారు, బాగా హుషారైన మనిషి. గుడికి ఏసీలు పెట్టాలన్నారు. ఏసీ పెట్టాలంటే పడమటి గోడ చిల్లులు మూసి, లోపల ఫాల్స్ సీలింగు వేసి, టైల్సు అతికించాలి. కమిటీలో అందరూ సరే అన్నారు. మా తెలుగువాళ్లు మరీ ముందు సరే అన్నారు. అడ్డం నిలబడింది ఒక్క ఈయన. "రష్యన్ వారసత్వాన్ని సిమెంటుతో కప్పుతారా? ప్రపంచం ఏమంటుంది?" అని బల్ల గుద్దాడు. ఒక హిందీ పేపరు విలేకరిని పట్టుకొచ్చి, టార్చి వేసి, స్తంభానికి చెవి ఆనించేలా చేసి, ఫోటోతో సహా వార్త వేయించాడు. ఇంక ఆ గోడ ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఏసీల మాట పోయింది. గోడ నిలిచింది.

గోడ మీద ప్రేమతో చేశాడని నేననుకోను. గోడ పోతే ఆయన చుట్టూ తిరిగే జనం పోతారు, అంతే. కానీ నిలబెట్టింది ఆయనే. ఆ ఆదివారం పూజకి వచ్చి ఆ గోడ పక్కన కూర్చున్న అమ్మ, చాలాసేపు మెడ తిప్పి ముందు వరుసలోని ఆయన సఫారీ వీపు కేసి చూసింది. ఏమనుకుందో నేనడగలేదు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో ఆయన పోయాడు. గుండె. శవపెట్టె గుడిలోకి తెచ్చినప్పుడు జనం బాగానే వచ్చారు. నాకు ఏడుపు రాలేదు, రాలేదని బాధ కూడా కలగలేదు. ఒకే ఒక్క తృప్తి, ఇకనైనా ఈ గుడి గురించి నిజం చెప్పొచ్చు. ఇప్పటి ఫాదర్ గారు జశ్‌పూర్ కుర్రవాడు, నెమ్మదస్తుడు, అడిగింది శ్రద్ధగా వింటాడు. కరపత్రం కాగితం ఇవ్వడానికి వెళ్లినప్పుడే ఆయనకి చెప్పేశాను. ఇక్కడికి ఏ రష్యావాడూ రాలేదు, ఆ పలక అబద్ధం, మా అమ్మని అడగండి, ఆ ఇటుకలు మోసినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే అని. ఫాదర్ గారు ఆలోచనలో పడ్డారు.

సంస్మరణ పూజ అయింది. బయట సమోసాలు, టీ. అమ్మ గుహ దగ్గర అరుగు మీద కూర్చుంది. ఫాదర్ గారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. కమిటీవాళ్లు చుట్టూ చేరారు. ఆయన హిందీలో చెప్పుకొచ్చిన దాని సారాంశం ఇది. పడమటి గోడలోంచి ఎర్రటి దుమ్ము వస్తోంది, పావురాలు గూళ్లు పెడుతున్నాయి, సత్ప్రసాదం పెట్టె మీద రెట్టలు పడుతున్నాయి. కమిటీ మళ్లీ మూసేద్దామంటోంది. నిజంగా చరిత్ర ఉన్న గోడ అయితే తాను ముట్టుకోడు. రష్యావాడి కథ వట్టిదని టీచర్ దీదీ అంటున్నారు. వట్టిదే అయితే మామూలు గోడే కదా, మూయించేస్తాడు. "దాదీ, ఆప్ తో థీఁ వహాఁ. సచ్ బతాయియే. వో దీవార్ కిస్‌నే బనాయీ?" మీరక్కడే ఉన్నారు కదా, నిజం చెప్పండి, ఆ గోడ ఎవరు కట్టారని.

ఇన్నేళ్లకి ఒక ఫాదర్ గారు వచ్చి, పక్కన కూర్చుని, నవ్వకుండా, మా అమ్మని అడుగుతున్నాడు. చెప్పమ్మా అని కళ్లతోనే అన్నాను.

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ముసుగు సవరించుకుంది.

"హమ్ దేఖా బేటా," అంది. "రషియావాలా ఆయా. గోరా ఆద్మీ. మైదా జైసా గోరా. హమ్ ఈంటా దియా, ఓ లియా."

మైదాపిండిలా తెల్లటి రష్యావాడు వచ్చాడట, తన చేత్తో ఇటుకలు అందించిందట. అతను ఒక్కొక్కటీ తీసుకుని తనే పేర్చాడట. పైకి దేవుడు లేడంటాడు గానీ, ఇటుక పెట్టేముందు ప్రతిసారీ శిలువ గుర్తు వేసుకునేవాడట. ఆ చరిత్రకారుడి కథలో కూడా లేని ముక్క అది. ఆయన గొంతు తగ్గించే చోట అమ్మ గొంతు తగ్గించింది, ఆయన ఆగే చోట ఆగింది. "ఐసా రఖా, ఐసా రఖా," అంటూ, ఇలా పెట్టాడని గాలిలో చూపించింది. ఎడం ఎడంగా ఒక వరుస, వాటి సందుల మీద అడ్డంగా ఒక వరుస, మళ్లీ నిలువుగా. నోరు రష్యావాడి గురించి చెబుతోంది, చేతులు పిడకలు పేరుస్తున్నాయి. అది చూసింది నేనొక్కదాన్నే.

ఫాదర్ గారు ఆ చేతుల కేసే చూస్తూ, "తో ఫిర్ రహ్‌నే దేతే హైఁ," అన్నారు. అలాగే ఉంచేద్దాం, పావురాలకి వల కడదాం అని. కమిటీవాళ్లు తలలూపారు. వాళ్లలో ఒకాయన నా వైపు, పెద్దదాని మాట కాదన్నావు చూడు అన్నట్టు చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన ఆ మనిషి మీద, వాళ్ల మీద, ఆ గ్రానైటు పలక మీద, నిజం చెబితే మూసేసి అబద్ధం చెబితే దండం పెట్టే ఈ జనమందరి మీద.

జనం పలచబడ్డాక అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పుల దగ్గరికి తీసుకెళ్లాను. వంగలేదు కాబట్టి కాళ్ల దగ్గరికి నేనే జరిపాను.

"ఎందుకలా చెప్పావమ్మా? నిన్ను నవ్వులపాలు చేసిన మనిషి అబద్ధాన్ని నువ్వు వెనకేసుకొచ్చావా?"

"మరేటి సెప్పమంటావు? పిడకలంటే ఆ బాబు రేపే సిమెంటెట్టి మూసెత్తాడు. రష్యావోడంటే సేతులు కట్టుకొని నిలబడతాడు."

"అది రష్యావాడిది కాదమ్మా. ఆ గోడ నీది."

అమ్మ నా భుజం ఆసరాగా ఒక కాలు చెప్పులో పెట్టింది, తర్వాత రెండోది.

"అందుకేనే," అంది.